ఉప్పు నిలువని బిడ్డలు

మూత్రపిండములపైని టోపీలవలె అమరిన రెండు చిన్న గ్రంథులు కలవు. వీనిని అడ్రినల్ గ్రంథులందురు. జ్వరము, దెబ్బ వంటి ఆపదలను దేహము తట్టుకొనుటకు వలసిన కార్టిసాల్‌ను, ఉప్పును నిలుపు ఆల్డోస్టిరోన్‌ను ఇవియే పుట్టించును. కొందఱు శిశువులకు ఈ శక్తి పుట్టుకతోడనే లోపించియుండును. తలిదండ్రులిరువురును పైకి కనబడని లోపబీజమును మోయుచున్నచో, ప్రతి కాన్పునందును నాలుగింట ఒకపాలు ఇది బిడ్డకు సంక్రమింపవచ్చును. మేనరికములు గల మన యిండ్లలో ఈ మాట విని విడువదగినది కాదు. హైదరాబాదు ప్రభుత్వ వైద్యశాలలలో 18,300 మంది నవజాత శిశువులను పరీక్షించి 2004లో ప్రకటించిన పరిశోధనయందు, సుమారు 2,575 మందికొకరికి ఈ వ్యాధి కనబడినది.

ఆడశిశువునకు జననాంగములలో భేదము పుట్టినప్పుడే కనబడవచ్చును. సిగ్గుచే దానిని దాచుట బిడ్డకు చేటు. మగశిశువు చూపునకు బాగుగనే యుండి, వ్యాధి ఉప్పును పోగొట్టు రకమైనచో, రెండుమూడు వారములలో వాంతులతో సొమ్మసిల్లును. లోన ఉప్పు జాఱిపోవుచున్న బిడ్డకు దిష్టియని పైన ఉప్పు దిగదుడిచిన నేమి లాభము?

చికిత్స కలదు. హైడ్రోకార్టిసోన్ బిళ్లలు సాధారణముగా దినమునకు మూడుమాఱులు. ఉప్పు నిలుచుటకు ఫ్లూడ్రోకార్టిసోన్. పసికందులకు వైద్యుడు చెప్పిన కొలతలో ఉప్పు. మోతాదెక్కువైన ఎదుగుదల కుంటుపడును. తక్కువైన బిడ్డ మొదట త్వరగా పెరిగి, ఎముకలు ముందే ముదిరి, తుదకు పొట్టిగా నిలిచిపోవును. స్టిరాయిడ్ అను పేరు విని అమ్మమ్మలు బెదరుట మేమెఱుగుదుము. కాని లేనిదానిని తగు కొలతను పూరించుట వేఱు, ఉన్నదానిపై మఱింత పోయుట వేఱు. హఠాత్తుగా మాన్పించుట ప్రాణాపాయము.

జ్వరము వచ్చినపుడు వైద్యుడు వ్రాసియిచ్చిన ప్రకారము బిళ్లలు రెండింతలో మూడింతలో ఈయవలెను. వాంతియై మందు నిలువనిచో హైడ్రోకార్టిసోన్ సూదిమందు వేసి, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. శంషాబాదు విమానాశ్రయపు చుట్టుపట్ల నుండి నగరములోని నీలోఫరు పిల్లల ఆసుపత్రికి ఇరువది కిలోమీటర్లకు పైమాటే. ఆ త్రోవలోని రద్దీ నెఱిగినవారు సూదిమందు నింట నుంచుకొనకుండరు. తల్లి యొక్కతెయే కాక ఇంట మఱియొకరును సూది వేయ నేర్వవలెను.

2008 మార్చిలో ఆ విమానాశ్రయము తెఱచినది మొదలు విదేశములకు పోవువారందఱును అచ్చటినుండియే పోవుచున్నారు. ఇట్టి బిడ్డతో పోవు తల్లి మందులను పెద్దపెట్టెలలో వేయక చేతిసంచిలోనే యుంచుకొనవలెను. సూదులుండుటచే వైద్యుని లేఖయు కావలెను. విమానములో ఏ యూరి గడియారమును చూడక, కడపటి మోతాదు తరువాత గడచిన గంటలను లెక్కింపవలెను.

అమెరికాలో ప్రతి రాష్ట్రమునందును నవజాత శిశువు మడమనుండి తీసిన రక్తపుబొట్టుతో ఈ వ్యాధిని పరీక్షింతురు. మనకింకను అన్ని ఆసుపత్రులలో ఆ నియమము లేదు. కావున ఇంట నొకబిడ్డకీ లోపమున్నచో, రాబోవు కాన్పునకు ముందే ఆ సంగతి వైద్యునికి తెలుపవలెను.