ఇంటి కంప్యూటర్‌కు యాంటీవైరస్ కొనాలా?

యాంటీవైరస్ అంటే కంప్యూటర్‌లోకి వచ్చే ఫైళ్లను తెరుచుకోకముందే పరీక్షించి, హాని చేసేవాటిని ఆపే ప్రోగ్రాం. ఇది అమ్మకపు సరుకై బజారుకు వచ్చింది 1987లో. పాతికేళ్ల పాటు విడిగా తెచ్చి వేసుకోవలసిన వస్తువుగానే ఉండి, 2012 నుంచి విండోస్‌తో పాటే ఉచితంగా వస్తోంది. అయినా కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు షాపువాళ్లు బిల్లులో యాంటీవైరస్ డబ్బా ఒకటి కలుపుతూనే ఉన్నారు. దాని అవసరం ఇంకా ఉందో లేదో తేలాలంటే అది పుట్టి పెరిగిన తీరు తెలియాలి.

పీసీలకు పాకిన తొలి వైరస్ 1986 నాటి ‘బ్రెయిన్’. లాహోర్‌లో బాసిత్, అంజద్ ఫరూఖ్ అల్వీ అనే అన్నదమ్ములు దాన్ని రాశారు. ఫ్లాపీలో కంప్యూటర్ మొట్టమొదట చదివే భాగంలో అది తిష్ఠ వేసేది. ఆ ఫ్లాపీ పెట్టి ఆన్ చేస్తే మెమరీలోకి ఎక్కి, తర్వాత పెట్టిన ప్రతి ఫ్లాపీకీ అంటుకునేది. విరుగుడు మరుసటి ఏడాదే వచ్చింది. జర్మనీలో బెర్న్డ్ ఫిక్స్ ‘వియన్నా’ వైరస్‌ను తొలగించే ప్రోగ్రాం రాశాడు. అదే ఏడాది అమెరికాలో జాన్ మెకాఫీ కంపెనీ పెట్టాడు. మన దేశంలో ఈ పని రిపేరు బల్లల మీద మొదలైంది. పుణెలో కాల్క్యులేటర్లు బాగుచేస్తూ కంప్యూటర్ సర్వీసింగ్‌లోకి వచ్చిన కైలాశ్ కాట్కర్ దగ్గరికి వైరస్ పట్టిన మెషీన్లే ఎక్కువగా వచ్చేవి. వాటిని శుభ్రం చేయడానికి తమ్ముడు సంజయ్ రాసిన ప్రోగ్రామే తర్వాత ‘క్విక్ హీల్’ అయింది.

తొలినాటి యాంటీవైరస్ పద్ధతి సులువు. దొరికిన ప్రతి వైరస్ నుంచి దానికే ప్రత్యేకమైన కొన్ని బైట్లను తీసి జాబితాలో రాసుకోవడం, ఫైళ్లలో అవి కనిపిస్తే పట్టుకోవడం. ఇది పనిచేసే తీరును ఇంట్లోనే చూడవచ్చు. యాంటీవైరస్‌ల పరీక్ష కోసం ‘ఐకార్’ అనే ఐరోపా సంస్థ 68 అక్షరాల వరుస ఒకటి తయారుచేసింది. అది వైరస్ కాదు, దానివల్ల హాని లేదు. ఆ వరుసను నోట్‌ప్యాడ్‌లో అతికించి సేవ్ కొడితే, చాలాసార్లు కళ్లముందే ఆ ఫైలు మాయమై తెర మూలన హెచ్చరిక వస్తుంది. యాంటీవైరస్ మెలకువగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

జాబితాయే కాదు, వైరస్‌ను పట్టే ఏ పద్ధతికైనా ఒక హద్దు ఉందని వ్యాపారం మొదలవకముందే తేలిపోయింది. ఫ్రెడ్ కోహెన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1984లో ఒక వాదన పెట్టాడు. ఏ ప్రోగ్రాం ఇచ్చినా వైరసో కాదో తప్పులేకుండా చెప్పే పరీక్ష ఒకటి ఉందనుకుందాం. ఆ పరీక్షనే తన పొట్టలో పెట్టుకున్న ప్రోగ్రాం రాయవచ్చు: పరీక్ష తనను వైరస్ అంటే అది ఊరుకుంటుంది, కాదంటే వ్యాపిస్తుంది. ఎటు చెప్పినా పరీక్ష తప్పుతుంది. అంటే పొరబడకుండా నూటికి నూరుపాళ్లు పట్టే యాంటీవైరస్ ఎప్పటికీ రాదు. డబ్బా మీద ‘సంపూర్ణ రక్షణ’ అని ఎంత పెద్ద అక్షరాలతో వేసినా సరే. 1990లో అంటుకున్న ప్రతిసారీ రూపు మార్చుకునే ‘1260’ అనే వైరస్ వచ్చేసరికి బైట్ల జాబితా ఒక్కటే చాలదని అందరికీ అర్థమైంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులకు ఈ వరస తెలిసిందే. 1980ల్లో వచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు మొదట పురుగును ఊడ్చిపెట్టాయి. 1987-88 నాటికి శనగపచ్చ పురుగు వాటిని తట్టుకోవడం నేర్చింది, ఎన్నిసార్లు మందు కొట్టినా చేలు దక్కలేదు. వైరస్ రాసేవాళ్లు పురుగుకన్నా ముందుచూపు గలవాళ్లు. చాలామంది బయటికి వదలకముందే బజారులోని యాంటీవైరస్‌ల మీద పరీక్షించి మరీ వదులుతారు. అందుకే ఇప్పటి యాంటీవైరస్‌లు ఫైలు రూపుతో ఆగకుండా, నడిచేటప్పుడు అది చేసే పనులను గమనిస్తాయి, అనుమానం వస్తే కంపెనీ సర్వర్లను అడుగుతాయి.

తెలుగు ఊళ్లలో వైరస్ ఇంటింటికీ పరిచయమైంది మాత్రం పెన్‌డ్రైవ్ ద్వారా. గుంటూరు బ్రాడీపేటలో ఏదో నెట్ సెంటర్లో ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు తీసుకున్న విద్యార్థి, రిపోర్టుతో పాటు వైరస్‌నూ ఇంటికి తెచ్చుకునేవాడు. పెన్‌డ్రైవ్ గుచ్చి తెరవగానే అందులోని ప్రోగ్రాం దానంతటదే నడిచే ‘ఆటోరన్’ సదుపాయం అప్పట్లో విండోస్‌లో ఉండేది. 2008లో బయటపడ్డ ‘కాన్‌ఫికర్’ కూడా వాడుకున్న దారుల్లో అదొకటి. పాత విండోస్‌లలో ఆ దారిని మైక్రోసాఫ్ట్ 2011 ఫిబ్రవరి అప్‌డేట్‌తో మూసింది. తర్వాత షార్ట్‌కట్ వైరస్‌ల వంతు. అవి అసలు ఫోల్డర్లను దాచేసి అదే పేరుతో షార్ట్‌కట్లు పెట్టేవి, నొక్కితే ఫోల్డరూ తెరుచుకునేది, వైరసూ నడిచేది. ఫైళ్లు పోయాయని ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లు ఎందరో. నిజానికి చాలామందికి ఏమీ పోలేదు. ‘అట్రిబ్’ కమాండ్ కొడితే దాగిన ఫోల్డర్లు బయటికి వచ్చేవి. ఆ కాలంలో ఇంటి కంప్యూటర్‌కు యాంటీవైరస్ కొనడం దండగ ఖర్చేమీ కాదు.

పరిస్థితి మారింది 2009 తర్వాత. ఆ ఏడాది మైక్రోసాఫ్ట్ ‘సెక్యూరిటీ ఎసెన్షియల్స్’ను ఉచితంగా ఇచ్చింది. 2012లో విండోస్ 8తో దాన్ని ‘డిఫెండర్’ పేరుతో విండోస్‌లోనే కలిపేసింది. మొదట్లో పరీక్షల్లో అది వెనకబెంచీదే. కొన్నేళ్లుగా జర్మనీకి చెందిన ఏవీ-టెస్ట్ వంటి స్వతంత్ర సంస్థల పరీక్షల్లో డబ్బిచ్చి కొనేవాటితో సమానంగా మార్కులు తెచ్చుకుంటోంది.

యాంటీవైరస్ కన్నా అప్‌డేట్ ముఖ్యమని ఆంధ్రప్రదేశ్‌కు గట్టిగా తెలిసింది 2017 మే నెలలో. ఫైళ్లకు తాళం వేసి, విడిపించడానికి 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగే ‘వన్నాక్రై’ మే 12న ప్రపంచమంతా పాకింది. మరునాటికి గుంటూరు, కృష్ణా, విశాఖపట్నం, శ్రీకాకుళం, చిత్తూరు జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లకు అది సోకినట్టు వార్తలొచ్చాయి. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే వ్యవస్థలోని లోపం గుండా అది ఒక మెషీన్ నుంచి మరో మెషీన్‌కు తనంతట తానే వెళ్లేది. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చి 14న విడుదలైంది. వేసుకున్న మెషీన్లలోకి ఆ దారిన అది దూరలేకపోయింది. డాంగిల్ డేటా ఖర్చవుతుందని అప్‌డేట్లు ఆపేసే అలవాటు, పైరసీ విండోస్ వేయించుకునే అలవాటు మన ఇళ్లలో అప్పటికి బాగా పాతుకుపోయి ఉన్నాయి.

యాంటీవైరస్ వల్లే చిక్కులు వచ్చిన సందర్భాలూ తక్కువేమీ కాదు. కంప్యూటర్‌లో ప్రతి ఫైలునూ చూసే అధికారం దానికుంటుంది కాబట్టి అది పొరబడితే నష్టం పెద్దది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీ సొంత ఫైలునే వైరస్ అనుకుని తీసేసింది; మెషీన్లు మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ 85 లక్షల విండోస్ మెషీన్లను పడేసింది. ఉచితమంటూ యాంటీవైరస్ ఇచ్చిన అవాస్ట్ కంపెనీ, వాడుకదారులు ఏయే సైట్లు చూశారో ఆ వివరాలను అనుబంధ కంపెనీ ద్వారా అమ్ముకున్నందుకు 2024లో అమెరికాలో 1.65 కోట్ల డాలర్లు కట్టవలసి వచ్చింది.

ఇప్పటి దొంగతనాల్లో చాలావాటికి వైరస్ దొంగచాటుగా దూరే పనే లేదు. చలానా అనో పీఎం కిసాన్ అనో పేరు పెట్టి వాట్సాప్‌లో పంపే ఏపీకే (యాప్) ఫైలును అందుకున్నవాడే ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసుకుంటాడు, ఓటీపీని ఫోన్‌లో తనే చదివి చెప్తాడు. కంప్యూటర్‌లో దీనికి జోడీ, డబ్బు కట్టకుండా వాడుకునేలా మార్చిన క్రాక్ సాఫ్ట్‌వేర్. దాన్ని వేసే ముందు ‘యాంటీవైరస్ ఆఫ్ చేయండి’ అని సూచన ఉంటుంది. ఆఫ్ చేసినవాడికి ఎంత ఖరీదైన యాంటీవైరస్ ఉన్నా ఒకటే. వన్నాక్రైలాగే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్‌లలో, ఇళ్లలోని కంప్యూటర్లకు సోకే ‘స్టాప్’ రకం ఎక్కువగా ఈ క్రాకుల్లో దాక్కునే వచ్చింది.

కాబట్టి ఒరిజినల్ విండోస్ 11 ఉండి, అప్‌డేట్లు సవ్యంగా పడుతుంటే, చదువుకూ సినిమాలకూ బిల్లులు కట్టడానికీ వాడే ఇంటి కంప్యూటర్‌కు డిఫెండర్ చాలు. దాని మీద ఇంకొకటి వేస్తే రక్షణ రెట్టింపు కాదు. కొత్తది వస్తే డిఫెండర్ తప్పుకుంటుంది. మిర్చి కమీషన్ లెక్కలు, జీఎస్టీ రిటర్నులు లాంటివి అదే మెషీన్‌లో ఉంటే కొన్న యాంటీవైరస్‌ను తప్పుపట్టలేం గానీ, అంతకుముందు ఒక పెన్‌డ్రైవో బయటి హార్డ్ డిస్కో కొని, వారానికోసారి కాపీ తీసి కేబుల్ పీకి పక్కన పెట్టాలి. గుచ్చి వదిలేసిన డిస్కుకూ రాన్సమ్‌వేర్ తాళం వేస్తుంది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఎప్పుడో ఆగింది, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది. అలాంటి పాత మెషీన్ ఉన్నవాళ్లు ఏటా యాంటీవైరస్‌కు పెట్టే డబ్బును కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు పెట్టుకోవడం మేలు. ఖాతాలో డబ్బే పోతే ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.