క్షేత్ర పరిశీలన: డాల్ఫిన్స్ నోస్ అగ్రం, దీపస్తంభం

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
• సముద్రతీరంలో అగ్రం ఎలా ఏర్పడుతుందో వివరించగలుగుతారు.
• దీపస్తంభానికి ఎత్తు ఎందుకు అవసరమో లెక్కకట్టి చెప్పగలుగుతారు.
• తీరంలో ఒకచోట కట్టిన నిర్మాణం మరొకచోట చూపే ప్రభావాన్ని గుర్తించగలుగుతారు.

1. పరిచయం

పల్నాడు జిల్లాకు సముద్రతీరం లేదు. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాలవారు సముద్రం చూడాలంటే బాపట్ల దగ్గరి సూర్యలంకకు వెళ్తుంటారు. అక్కడి తీరం చదునైన ఇసుక నేల. మీ జిల్లా ఉత్తరపు అంచున పారే కృష్ణానది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన డెల్టా ప్రాంతం అది.

విశాఖపట్నం తీరం ఇందుకు భిన్నం. అక్కడ తూర్పు కనుమల కొండలు సముద్రం దాకా వస్తాయి. రేవుకు దక్షిణాన సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండను డాల్ఫిన్ మూతిలా కనిపించడంవల్ల డాల్ఫిన్స్ నోస్ అంటారు. ఇలా సముద్రంలోకి పొడుచుకువచ్చిన భూభాగమే ‘అగ్రం’.

2. అగ్రం, అలలు

పల్నాడులో ఇళ్లకు పరిచే నాపరాళ్లు పొరలుగా విడివడతాయి. అవి అవక్షేప శిలలు. విశాఖ కొండల్లో ఎక్కువగా కనిపించే ఖోండలైట్ రూపాంతర శిల. భూగర్భంలో తీవ్రమైన వేడికి, ఒత్తిడికి లోనై మారిన రాయి ఇది. ఇందులో గార్నెట్ అనే ఎర్రని ఖనిజం ఉంటుంది.

తీరాన్ని సమీపించే అలలు లోతు తగ్గినచోట వేగం కోల్పోయి వంగుతాయి. దానివల్ల వాటి శక్తి అగ్రంపై కేంద్రీకృతమై, పక్కనున్న తీరపు వంపులో తగ్గుతుంది. నైరుతి రుతుపవన కాలంలో దక్షిణం నుంచి వచ్చే అలలను ఈ కొండ అడ్డుకుంటుంది. 1933లో ప్రారంభమైన విశాఖ రేవు ప్రవేశమార్గం ఈ కొండ చాటునే ఉంది.

3. దీపానికి ఎత్తెందుకు?

భూమి గుండ్రంగా ఉండటంవల్ల ఎత్తును బట్టి చూపు ఆనే దూరం మారుతుంది. దానిని స్థూలంగా ఇలా లెక్కిస్తారు:

దూరం (కి.మీ.) = 3.57 × √ఎత్తు (మీ.)

దీపం 9 మీటర్ల ఎత్తులో ఉంటే ఈ దూరం 10.7 కి.మీ.; 100 మీటర్ల ఎత్తులో ఉంటే 35.7 కి.మీ. నావికుడి కన్ను నీటికి 9 మీటర్ల పైన ఉంటే మరో 10.7 కి.మీ. కలుస్తుంది. అంటే, వెలుగు తగినంత బలంగా ఉంటే, 46 కి.మీ. దూరం నుంచే దీపం కనబడుతుంది. చదునైన డెల్టా తీరంలో ఇంత ఎత్తు కావాలంటే పెద్ద గోపురం కట్టాలి. కొండపైనైతే చిన్న గోపురం చాలు. రేవులోని ఓడకు ఆశ్రయమిచ్చే ఇదే కొండ, చీకట్లో దారి తప్పిన ఓడకు ప్రమాదం. ఆ సంగతి దీపం ముందుగా తెలియజేస్తుంది.

4. ఇసుక సమస్య

ఈ తీరంలో అలలు ఏడాది మొత్తం మీద ఎక్కువ ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తరలిస్తాయి. రేవును కాపాడే అలల నిరోధక గోడలు ఈ ప్రయాణాన్ని ఆపుతాయి. ఇసుక ప్రవేశమార్గం దగ్గర పేరుకుంటుంది. ఉత్తరాన ఉన్న నగరపు బీచ్ కోతకు గురవుతుంది. అందుకే రేవులో తవ్వితీసిన ఇసుకను మళ్లీ బీచ్‌కు చేరుస్తుంటారు. రేవు భద్రతకు నగరం చెల్లించే మూల్యం ఇది.

5. సందర్శకులకు సూచనలు

కొండపై కొంత ప్రాంతం నౌకాదళం అధీనంలో ఉంది. సందర్శన వేళలను ముందే తెలుసుకోండి. అనుమతి ఉన్నచోటే ఫొటోలు తీయండి. పైనుంచి దక్షిణాన యారాడ బీచ్‌ను, ఉత్తరాన రేవును చూసి రేఖాపటం గీయండి. ఇసుక వెడల్పుగా ఉన్నచోటు, సన్నగా ఉన్నచోటు గుర్తించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. దీపం ఎత్తు 25 మీటర్లయితే అది ఎంత దూరం వరకు కనిపిస్తుంది? నావికుడి ఎత్తును లెక్కలోకి తీసుకోవద్దు.
2. నాగులేరు లేదా చంద్రవంక వాగుకు అడ్డుకట్ట వేస్తే దిగువన ఇసుకకు ఏమవుతుంది? విశాఖ తీరంతో పోల్చి రాయండి.