సంకేతతర్క ప్రవచనములకు తెలుగు వాక్యములు

సంకేతతర్కమున ఒక ప్రవచనమును గుర్తులలో వ్రాయుట అంత కష్టము కాదు. ఆ గుర్తులను మరల నలుగురు మాటాడు వాక్యముగా మార్చుటయే కష్టము. ఇంగ్లీషు పాఠ్యగ్రంథములందలి మాదిరులను మాటకు మాటగా తెలిగించినచో వాక్యము దొరకును గాని అర్థము తప్పిపోవును. అచట విడిమాటలు చేయు పనిని తెలుగున పదాంతమందలి చిన్న ప్రత్యయములు చేయుటయే ఇందులకు ముఖ్యకారణము. నేడు నంద్యాల జిల్లాలోనున్న కోయిలకుంట్ల ప్రాంతమునుండి ఉదాహరణములు తీసికొని దీనిని చూపెదను.

'క' అనగా 'కోయిలకుంట్లలో వాన కురియుట' యనియు, 'చ' అనగా 'కుందేరు పాఱుట' యనియు అనుకొందము. 'క ⇒ చ' అను అనుషంగికమును ఆ సీమవారి మాటలో 'వానొస్తే కుందూ పారుతాది' అనవచ్చును. (చినుకునకే ఏరు పాఱునా యని రైతు నవ్వును, ఉదాహరణము గనుక సరిపెట్టుకొనవలయును.) ఇందు ఒక్క ఏకారము చేర్చి 'వానొస్తేనే పారుతాది' అన్నచో బాణము తిరుగబడి 'చ ⇒ క' అగును. 'వానొస్తే గాని పారదు' అన్నను అంతియే. వాక్యభాగముల వరుస మాత్రము మాఱలేదు. అందుచేతనే విద్యార్థులు మూడింటికిని ఒకే బాణము వేయుదురు. ఎగువన వానలు కురిసి, కోయిలకుంట్లలో చినుకైనను పడని దినమున కుందేరు నిండుగ పాఱెనేని మొదటి వాక్యమునకు భంగము లేదు. తక్కిన రెండును అసత్యములగును.

ఇంతకంటె చిక్కైనది నిషేధము. తెలుగున అది క్రియలో కలిసిపోవుటచే దేనిని నిషేధించుచున్నదో పైకి కనబడదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంఫిణీ ప్రభుత్వముపై తిరుగబడెను. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోయిలకుంట్లలో ఉరితీసిరి. 'ఆయన అనుచరులందఱికిని శిక్ష పడలేదు' అని ఒకడు వ్రాసెననుకొందము. 'శ(వ)' అనగా 'వ అను అనుచరునికి శిక్ష పడినది' అయినచో, ఆ వాక్యము '~(∀వ) శ(వ)' యా, లేక '(∀వ) ~శ(వ)' యా? మొదటిది చరిత్రకు సరిపోవును, ఏలయన విడుదలయైనవారు కలరు. రెండవది శుద్ధాబద్ధము, పలువురు కారాగారవాసము ననుభవించిరి. మాటలో స్వరము ఈ సందేహమును తీర్చును. అచ్చులో ఆ సహాయము లేదు. రెండవదానికి 'ఒక్కరికిని శిక్ష పడలేదు' అనుట చాలును. మొదటిదానికి 'కొందఱికే శిక్ష పడినది' అని వ్రాయుట పరిపాటి, కాని అది గుర్తులు చెప్పనిదానిని చెప్పుచున్నది: '~(∀వ) శ(వ)' అన్నంతమాత్రమున ఎవరికైనను శిక్ష పడినట్లు ఏర్పడదు. 'శిక్ష పడనివారును ఉండిరి' అనునదే సరియైన అనువాదము.

ఆ 1847లోనే ఇంగ్లండున బూల్, డీ మోర్గన్‌ల తర్కగ్రంథములు వెలువడినవి. డీ మోర్గన్ 1806లో మన దక్షిణదేశమందలి మధురలో జన్మించినవాడు. ఆయన పేర ప్రసిద్ధమైన నియమమును తెలుగు రైతు నిత్యము పాటించుచునే యున్నాడు. 'జొన్న గాని శనగ గాని వేస్తాను' అన్నచో అది వియోజనము, 'జ ∨ శ'. 'జొన్న గాని శనగ గాని వేయలేదు' అన్నచో రెండును వేయలేదనియే ఎల్లరును గ్రహింతురు: '~(జ ∨ శ)', అనగా '~జ ∧ ~శ'. ఇచట సందేహమునకు తావు లేదు. కాని 'గాని'ని తీసివేసి 'జొన్న, శనగ రెండును వేయలేదు' అని వ్రాసినచో వెనుకటి చిక్కు మరల వచ్చును.