ఖడ్గమృగం అడిగితే గూడబాతును చూపించాము

మా చిన్నవాడికి ఖడ్గమృగాన్ని చూడాలనే కోరిక పుట్టి ఏడాది దాటింది. పాఠశాల పుస్తకంలో కాజీరంగా బొమ్మ చూసిన నాటి నుండి వాడికి అదే ధ్యాస. “అబ్బా, జీపులో కూర్చుంటే అది మన దారికి అడ్డంగా నిలబడుతుందట కదా?” అని అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అడిగేవాడు. నెల్లూరు నుండి అసోం చేరాలంటే రైలులో రెండు రోజులు చాలవు. నలుగురి ఛార్జీలు, బస, సఫారీ రుసుము లెక్కవేసి చూసుకుని, “ఇన్షా అల్లాహ్, ఒకనాడు వెళ్దాము” అని దాటవేస్తూ వచ్చాను. ఒకరోజు మా అమ్మ ఆ మాట విని నన్ను మందలించింది. వెళ్ళే ఉద్దేశం ఉన్నప్పుడు పలకవలసిన మాటను పిల్లవాడి నోరు మూయించటానికి వాడుతున్నావేమిటని ఆమె ప్రశ్న. నా వద్ద సమాధానం లేదు.

ఆ రాత్రే వాడికి ఖడ్గమృగాల సంగతులు కొన్ని చెప్పాను. ఒకప్పుడు ఈ జంతువు అసోంకే పరిమితమై ఉండేది కాదు. బాబర్ చక్రవర్తి పెషావర్ పరిసరాలలో దానిని వేటాడిన వైనాన్ని తన స్వీయచరిత్రలో వ్రాసుకున్నాడు. మన తెలుగునేల మీద కూడా అది తిరిగింది. బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలలో 1884 ప్రాంతంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు జరిపిన తవ్వకాలలో దొరికిన ఎముకలలో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. వేట వలన, అడవుల నరికివేత వలన ఆ జాతి అంతరించే దశకు వచ్చింది. 1905లో కాజీరంగాను రక్షిత ప్రాంతంగా ప్రకటించేనాటికి అక్కడ మిగిలినవి బహు కొద్ది. 2022 లెక్కింపులో ఆ ఒక్క ఉద్యానవనంలోనే 2,613 ఉన్నట్లు తేలింది. వేలిమీద లెక్కించదగిన దశ నుండి వేలకు చేరటం చిన్న విషయం కాదు.

వాడు అంతా విని, “అయితే మన దగ్గర ఇప్పుడు ఏమీ మిగలలేదా?” అన్నాడు.

ఉన్నాయి. మా ఇంటికి డెబ్బై కిలోమీటర్ల లోపే ఉన్నాయి. చెన్నై వెళ్ళే రహదారి మీద పదులసార్లు వాటి పక్కగా పోయాము, ఒక్కసారి కూడా ఆగలేదు. ఇందులో తప్పు నాదే. జనవరిలో ఒక ఆదివారం ఫజ్ర్ నమాజు ముగించుకుని, పూరీలు, బంగాళదుంప కూర డబ్బాలలో సర్దుకుని బయలుదేరాము. నాయుడుపేట దాటి దొరవారిసత్రం వద్ద జాతీయ రహదారి నుండి పక్కకు మళ్ళితే కొద్దిదూరంలోనే నేలపట్టు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది కానీ, మా తరం వారి నోట ఇంకా నెల్లూరు జిల్లా అనే వస్తుంది.

నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం విస్తీర్ణం 458.92 హెక్టార్లు. జీపు సఫారీలు, గర్జనలు అక్కడ ఉండవు. ఒక చెరువు, ఆ చెరువు నీళ్ళలోనే మునిగి నిలబడిన నీటి కడప చెట్లు, చుట్టూ పొదల అడవి. కట్ట మీదుగా నడుస్తూ ఉంటే మొదట మనకు అందేది వాసన. వేలాది పక్షుల రెట్ట వాసన. మా అమ్మాయి దుపట్టా ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆ తరువాత శబ్దం వినబడింది. గూళ్ళలో పిల్లలు ఆకలితో చేసే ఆ గోల చెరువంతా నిండి ఉంది. అప్పటికి గానీ కన్ను చెట్ల మీదికి పోలేదు. తెల్లగా పూసినట్లు కనిపించిన కొమ్మలన్నీ పక్షులే.

వాటిలో పెద్దది గూడబాతు. రెక్కలు రెండూ చాపితే ఆరేడు అడుగులకు మించిన వెడల్పు. బూడిద రంగు కలిసిన తెలుపు, పై ముక్కు అంచున వరుసగా మచ్చలు, క్రింది ముక్కుకు వేలాడే తోలు సంచి. దక్షిణ ఆసియాలో ఇవి గూళ్ళు కట్టే ముఖ్యమైన తావులలో నేలపట్టు ఒకటి. వాటితోపాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, రాత్రి కొంగలు ఒకే చెట్టును అంతస్తులుగా పంచుకుని కాపురం ఉంటాయి. ఈశాన్య ఋతుపవనాల వానలకు చెరువు నిండగానే గూళ్ళు కట్టి, నీళ్ళు తగ్గే వేసవికి పిల్లలతో సహా లేచిపోతాయి. వానలు సరిగా పడక చెరువు నిండని ఏడు గూళ్ళు పలచబడతాయి. చెట్టు చుట్టూ నీళ్ళుంటేనే నక్కలు, అడవి పిల్లులు గూటి వరకు రాలేవు. ఆ నీళ్ళే వాటికి కోట కందకం.

కావలి మంచె మీద నుండి దుర్భిణిలో చూస్తే ఒక తల్లి గూడబాతు నోరు తెరిచి ఉంది. పిల్ల తలను మెడ వరకు ఆ సంచిలోకి దూర్చి, తల్లి కడుపులో నుండి పైకి తెచ్చిన చేపను తింటున్నది. “అది అమ్మను మింగేస్తున్నదా, అమ్మ దానిని మింగేస్తున్నదా?” అని మా చిన్నవాడు గట్టిగా అరిచాడు. పక్కన నిలబడి ఉన్న ఒక వృద్ధ రైతు పెదవుల మీద వేలు పెట్టి, “మెల్లగా నాయనా, పిల్లల తల్లులు” అన్నాడు. వాడు వెంటనే నోరు మూసుకున్నాడు. ఇంట్లో మేము పదిసార్లు చెప్పినా వినని వాడు.

ఆయనతో మాటలు కలిశాయి. ఆ పక్షుల రెట్ట చెరువు నీళ్ళలో కరిగి, ఆ నీళ్ళు తూముల గుండా పొలాలకు పారతాయి. ఆ నీరు పారిన మడులకు ఎరువు అంతగా అక్కరలేదని ఆయన అన్నాడు. ఊళ్ళోని పెద్దలు తరతరాలుగా పక్షులను కొట్టనివ్వరు. 1976లో ప్రభుత్వం రక్షిత కేంద్రంగా ప్రకటించక ముందే ఈ కట్టుబాటు ఉంది. పక్కనే ఉన్న వెదురుపట్టులో ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్ళు కడతాయి. శ్రీకాకుళం వైపు తేలినీలాపురంలోనైతే ఏటా వచ్చే గూడబాతులను పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలుగా భావిస్తారు. ఇలాంటి ఊళ్ళు లేకపోతే ఏమవుతుందో చెప్పటానికి కూడా మన వద్దే ఉదాహరణ ఉంది. తాడేపల్లిగూడెం సమీపంలోని ఆరేడు ప్రాంతంలో గూడబాతుల పెద్ద కాలనీ ఒకటి ఉండేది. 1970ల నాటికి అది ఖాళీ అయిపోయింది.

కట్ట దిగుతూ ఉండగా మా అమ్మాయి, మదర్సాలో విన్న సంగతి ఒకటి తమ్ముడికి చెప్పటం నా చెవిన పడింది. ప్రయాణంలో కొందరు సహచరులు ఒక పిట్ట పిల్లలను తీసుకున్నారు. తల్లి పిట్ట వచ్చి వారి తలల మీద రెక్కలు కొట్టుకుంటూ తిరిగింది. దైవప్రవక్త (సఅసం) అది చూసి, దీనిని దీని పిల్లల విషయంలో బాధపెట్టిందెవరని అడిగి, పిల్లలను తిరిగి చేర్పించారు. ఆ ఉల్లేఖనం నాకూ తెలుసు. అయితే ఆ కట్ట మీద, ఆ గోల మధ్య వింటుంటే కొత్తగా తోచింది.

ఇక్కడితో తిరిగి ఇంటికి వెళ్ళిపోయి ఉంటే నేలపట్టును సగమే చూసి ఉండేవాళ్ళం. ఎందుకంటే ఆ తల్లులు తెచ్చే చేపలు ఆ చెరువులోవి కావు. అన్ని నోళ్ళకు ఆ చెరువు చాలదు. గూడబాతులు పొద్దున లేచి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న పులికాట్ సరస్సుకు వెళ్ళి, మేసి, పిల్లలకు పట్టుకుని వస్తాయి. ఇల్లు ఒకచోట, వంటిల్లు మరొకచోట. అందుకే మేమూ వాటి దారినే పట్టాము.

సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్య నుండి సాగుతుంది. ఇరువైపులా నీళ్ళు. ఒడిశాలోని చిలికా తరువాత మన దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. దీనికీ బంగాళాఖాతానికీ నడుమ అడ్డంగా శ్రీహరికోట దీవి. 1971 నుండి రాకెట్లు ఎగురుతున్నది అక్కడి నుండే. అటకానితిప్ప వద్ద ఆగి, రోడ్డు పక్కన చాప పరచి జుహ్ర్ నమాజు చేసుకున్నాము. తల ఎత్తేసరికి దూరంగా నీళ్ళ మీద గులాబి రంగు గీత ఒకటి. ఫ్లెమింగోలు. మా వైపు కొందరు వాటిని రాజహంసలంటారు. తల తలక్రిందులు చేసి, వంకర ముక్కుతో బురద నీటిని వడగట్టి అందులోని సూక్ష్మజీవులను తింటాయి. ఆ ఆహారం నుండే వాటికి ఆ రంగు. అవి గూళ్ళు కట్టేది ఇక్కడ కాదు, గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. 2001 నుండి వాటి పేరనే సూళ్ళూరుపేటలో పండుగ జరుపుతున్నారు. ఆ పండుగకు వేలాది మంది వస్తారు. స్టేజీ మీది పాటలు విని, పక్షులను చూడకుండానే వెళ్ళిపోయేవారు వారిలో ఎందరో. నేనూ ఒకప్పుడు అలా వెళ్ళినవాడినే.

సరస్సు లోతు చాలాచోట్ల మనిషి నడుము దాటదు. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు మంచినీళ్ళు తెస్తాయి. రాయదొరువు, కొండూరుపాళెం, పళవేర్కాడు ముఖద్వారాల గుండా సముద్రం లోపలికి వస్తుంది. ఈ రెండింటి కలయికలోనే దాని సంపద అంతా ఉంది. సముద్రంలో పుట్టిన రొయ్య పిల్లలు ముఖద్వారం గుండా లోనికి వచ్చి ఇక్కడ పెరుగుతాయి. కానీ ఆ ద్వారాలు ఇసుక మేటలతో పూడుకుపోతున్నాయి. పోటు నీరు లోనికి రాదు. వేసవిలో ఉత్తర భాగం ఎండి నెర్రెలు విచ్చుతుంది. చేప తగ్గితే మొదట దెబ్బ తినేది తీరాన ఉన్న మత్స్యకార పాళెములు. పక్షులు మరోచోటికి ఎగిరిపోగలవు, పడవ, వల తప్ప మరేమీ లేని కుటుంబం ఎక్కడికి పోతుంది? పూడికతీత మాటలు ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాము. అభయారణ్యమంటే పక్షుల కోసం మనుషులను తరిమే స్థలమని పాళెములలో కొందరికి భయం ఉంది. ఆ భయం నిష్కారణమైనదని నేననను. అయితే పులికాట్ విషయంలో మాత్రం జాలరికీ గూడబాతుకూ కావలసింది ఒక్కటే. ఆ ఇసుక తొలగాలి. నేలపట్టు చుట్టూ ఎంత గట్టి కంచె వేసినా, ఇరవై కిలోమీటర్ల అవతల ఈ ద్వారాలు మూసుకుపోతే ఆ గూళ్ళలో గోల ఉండదు.

అస్ర్ దాటింది. మావాడు నీళ్ళ అంచున కూర్చుని ఖడ్గమృగం ఊసు ఎత్తకుండా ఆకాశం వైపు చూస్తున్నాడు. సరస్సు మీద నుండి గూడబాతులు వరుస కట్టి లేచాయి. తల వెనక్కు వాల్చి, రెక్కలు నాలుగుసార్లు కొట్టి కొంతసేపు తేలుతూ, వాయవ్య దిశగా, నేలపట్టు వైపు. “అన్నిటి సంచుల్లోనూ చేపలున్నాయా అబ్బా?” అన్నాడు.

“సంచిలో కాదు, కడుపులో” అని అక్క దిద్దింది.

వాడు వేలు చాపి లెక్కపెట్టటం మొదలుపెట్టాడు. ముప్పై ఏడు వరకు వచ్చి తప్పిపోయి, మళ్ళీ ఒకటి నుండి మొదలుపెట్టాడు.