మిరపచేలపై మింటి హద్దులు

గుంటూరు సీమలో పొలమునకు గట్టున్నది, కాలువనీటికి వంతున్నది. ఆకాశమునకును హద్దులున్నవనిన మన రైతులు కొందఱు నవ్వుదురు. కాని మిరపకును ప్రత్తికిని మందు చల్లు డ్రోనులు చేలలో దిగిన నాటనుండి ఈ హద్దులు నవ్వులాట కావు. 2021 ఆగస్టు 25వ తేదీన కేంద్ర ప్రభుత్వమువారు ప్రకటించిన నిబంధనలను బట్టి డ్రోను నడుపువాడును పైలటే. వానికిని అర్హతాపత్రము వలయును. వాని త్రోవకును ఎల్లలు కలవు.

మనుష్యులెక్కిన విమానమును నడుపువాడు గన్నవరము దాపునకు వచ్చునపుడు తన విమానము గుర్తును, తానున్న చోటును, ఎత్తును, పోదలచిన దిక్కును రేడియోలో చెప్పును. నియంత్రణాధికారులు అనుమతించిన పిదపనే ఆ గగనసీమలో ప్రవేశించును. వారిచ్చిన ఆజ్ఞను తాను తిరిగి పలుకును. ఇది మర్యాదకు కాదు. చెప్పినదే వినెనా, వేఱొకటి వినెనా యని తేల్చుకొనుటకు. మాట తప్పుగ నందినచో నేమగునో 1996 నవంబరు 12వ తేదీన హర్యానాలోని చర్ఖీ దాద్రీపై లోకము చూచినది. 15,000 అడుగులకడ నిలువవలసిన కజకిస్థాను విమానము అంతకన్న క్రిందికి దిగి సౌదీ విమానమును ఢీకొనగా 349 మంది మరణించిరి. ఆ సిబ్బందికి ఆంగ్లము చాలకుండుటయు విచారణలో బయటపడెను.

మన చేలలోని డ్రోనుకు ఈ సంభాషణ లేదు. దానికి మాఱుగ రంగుల పటమొకటి యేర్పఱచిరి. పచ్చని చోట 400 అడుగులవఱకు ఎవరి అనుమతియు నక్కఱలేదు. విమానాశ్రయపు టెల్లనుండి 8 మొదలు 12 కిలోమీటర్ల దూరమున ఈ స్వేచ్ఛ 200 అడుగులకే పరిమితము. ఇంకను దగ్గఱకు పోయినచో పసుపో యెఱుపో నేలనుండియే మొదలగును. పసుపున నియంత్రణాధికారుల అనుమతియు, ఎఱుపున కేంద్ర ప్రభుత్వపు టనుమతియు వలయును. లోగడ 45 కిలోమీటర్లవఱకు వ్యాపించిన పసుపును 12కు కుదించుట మెచ్చదగిన పనియే.

“మా డ్రోను చేనిపై రెండు మూడు మీటర్ల యెత్తుననే పోవును, విమానములతో మాకేమి పని?” అని యడుగువారు కలరు. అడుగదగిన ప్రశ్నయే. గుంటూరు పొలములలో అధికభాగము గన్నవరపు పసుపునకు వెలుపలనే యున్నది. కాని అద్దెకు మందు చల్లు డ్రోను ఒక యూర నిలుచునది కాదు. నేడు ఫిరంగిపురపు మిరపలో నున్నది రేపు కృష్ణ దాటి గన్నవరము చుట్టునున్న వరిచేలకు పోవును. అచ్చట రెండు మీటర్ల యెత్తునను అనుమతి లేక ఎగురరాదు. సభలకు వచ్చు ప్రముఖుల హెలికాప్టరు దిగునది పొలములనడుమనే గదా! మనుష్యులున్న విమానమునకు డ్రోను దారి విడువవలెనని నిబంధన. దారి విడుచుటకు అది వచ్చుచున్నదని ముందుగ తెలియవలదా?

తెలియుటలోనే చిక్కున్నది. పటపు రంగు స్థిరము కాదు. అవసరమైనపుడు పోలీసు సూపరింటెండెంటు స్థాయికి తక్కువకాని యధికారి 96 గంటలకు మించకుండ ఒక చోటును తాత్కాలికముగ ఎఱుపు చేయవచ్చును. నిన్న పచ్చనైన చేను నేడు ఎఱుపు కావచ్చును. ఈ సీమకు విమానములు క్రొత్తవియు కావు. దొనకొండలో రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానాశ్రయ మున్నది. బాపట్లకడ సూర్యలంకలో వాయుసేన స్థావరమున్నది. అద్దంకి ప్రాంతమున జాతీయ రహదారిపైననే రన్‌వే నిర్మించి, 2024 మార్చి 18వ తేదీన వాయుసేనవారు విమానములతో పరీక్షించిరి. ఆ బాటకు రెండు ప్రక్కల నున్నవి సాగుభూములే.

ఇక నడుపువారి మాట. గుంటూరు లాములోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు డ్రోను పైలటులకు శిక్షణ నిచ్చుట మన భాగ్యము. కేంద్రపు ‘నమో డ్రోన్ దీదీ’ పథకము 15,000 మహిళా సంఘములకు డ్రోనులు సమకూర్చుటకు ఉద్దేశింపబడినది. వెలలో 80 వంతులు, 8 లక్షల రూపాయలకు మించకుండ, సర్కారే భరించును. సంఘమునుండి యొక స్త్రీకి 15 దినముల శిక్షణ. అందు డ్రోను నడుపుటకు 5 దినములే! ఆ యైదు దినములలో బ్యాటరీ, రెక్కలు, గాలి, అన్నియు నేర్వవలెను. పటము చదువుట కెంత కాలము మిగులును? పైగా నిబంధనలు గెజిటులో హిందీ ఆంగ్లములందు వెలువడినవి. పదవ తరగతి చదివిన మన పల్లె యువతి ఏ భాషలో అనుమతి వేడవలెను?

రైతు తొందరను తప్పుపట్ట లేము. 2021–22లో నల్ల తామరపురుగు మిరపపూతను పట్టినపుడు రైతులు మందు మీద మందు చల్లిరి. పురుగు అనుమతి వచ్చువఱకు ఆగదు. అనుమతికి దినములు పట్టినచో అడుగకయే ఎగురవేయువారు బయలుదేఱుదురు; ప్రమాదము పుట్టునది అచ్చటనే. కావున జవాబు గంటలలో రావలెను. అడుగు ఫారము తెలుగున నుండవలెను. తాత్కాలికముగ ఎఱుపైన గ్రామముల పేర్లు తెల్లవాఱకమునుపే రైతు సేవా కేంద్రముల నోటీసుబోర్డుకును, డ్రోను నడుపువారి ఫోనుకును చేరవలెను. వ్యయము స్వల్పము. మిరపకు మందు చల్లుట ప్రొద్దుటి చల్లదనముననే గనుక, ఆ వార్త పది గంటలకు వచ్చిన ప్రయోజనము లేదు.