నేలకు తగిన నడక

ఇసుకలో దిగబడిన మోటారు బండిని చూచినవారికి ఒక వింత కానవచ్చును. ఇంజను గర్జించుచుండును, చక్రములు గిరగిర తిరుగుచుండును, బండి మాత్రము అంగుళమైనను కదలదు. చోదకుడు విసుగుచెంది ఇంజను జోరును పెంచినకొలది చక్రములు తమ గోతిని తామే త్రవ్వుకొనును. తుదకు బండి కడుపు ఇసుకపై ఆనుకొని, కదలుటకు వీలులేక నిలిచిపోవును. బలము చాలకపోవుటచే అది నిలిచినదా? కాదు. ఉన్న బలమునకు నేలపై పట్టు దొరకకపోవుటచే నిలిచినది.

చక్రము నేలను వెనుకకు నెట్టుటచేతనే బండి ముందునకు సాగును. టైరునకును నేలకును నడుమ గల ఘర్షణయే ఇందుకు ఆధారము. సామాన్యమైన బండ్లలో ఇంజను బలము రెండు చక్రములకే అందును. మలుపులలో వెలుపలి చక్రము లోపలిదానికంటె ఎక్కువ దూరము పోవలయును గనుక, ఆ రెండింటి నడుమ డిఫరెన్షియల్ అను పళ్లచక్రముల అమరిక యుండును. మంచి బాటపై ఇది మేలే. కాని ఒక చక్రము బురదలోను, మఱియొకటి గట్టినేలపైనను ఉన్నప్పుడు బురదలోనిది ఊరక తిరుగును. గట్టినేలపై నున్నదానికి తగిన బలము చేరదు.

ఈ చిక్కును తగ్గించుటకే నాలుగు చక్రములకును బలమునందించు బండ్లు పుట్టినవి. 1941వ సంవత్సరము నుండి అమెరికా సైన్యమునకై విల్లీస్ సంస్థ నిర్మించిన జీపు వీనిలో పేరెన్నికగన్నది. అందు గేరుమీటకు తోడు మఱి రెండు చిన్న మీటలుండెడివి. ఒకటి ముందు ఇరుసునకు బలమును కలుపును. రెండవది బండి వేగమును దాదాపు సగమునకు తగ్గించి, చక్రమును త్రిప్పు బలమును దాదాపు రెండింతలు చేయును. అట్టి బండ్లలో పొడి తారుబాటపై ముందు ఇరుసును కలుపరాదు. మలుపులో ముందు చక్రములును వెనుక చక్రములును వేర్వేరు దూరములు పోవును. గట్టి బాట వానిని జాఱనీయదు గనుక యంత్రభాగములు బిగిసి చెడును. కావున ఎప్పుడు ఏ మీటను వాడవలయునో చోదకుడే తెలిసికొనవలసి యుండెను.

2004లో ఇంగ్లండునకు చెందిన ల్యాండ్ రోవర్ సంస్థ తన డిస్కవరీ 3 అను బండిలో ఒక గుండ్రని మీటను అమర్చినది. దానిపై ఐదు గుర్తులుండెను: సాధారణ ప్రయాణము; గడ్డి, కంకర, మంచు; బురద, గాడులు; ఇసుక; రాతినేల. మీటను త్రిప్పినంతనే ఇంజను, గేర్లు, బ్రేకులు, డిఫరెన్షియల్ ఆ నేలకు తగినట్లు పనిచేయ మొదలిడును. తరువాత ఇతర సంస్థలును ఇట్టి ఏర్పాట్లు చేసినవి.

ఒక్కొక్క నేలకు ఒక్కొక్క తీరు ఏల? తడిగడ్డిపైనను మంచుపైనను పట్టు మిక్కిలి తక్కువ. అచట బలమును మెల్లమెల్లగ అందింపవలయును. చక్రము జాఱినంతనే ఇంజను జోరు తగ్గవలయును. బురదలో అట్లు కాదు. టైరు గాళ్లలో బురద నిండిపోయినచో పట్టు నశించును; చక్రము కొంత వడిగా తిరిగిననే ఆ బురద ఎగిరిపోయి, అడుగుననున్న గట్టినేల దొరకును. ఇసుక చక్రమును ఎల్లప్పుడు వెనుకకు లాగుచుండును గనుక బండి తన ఊపును కోల్పోరాదు. టైర్లలో గాలిని కొంత తగ్గించినచో అవి ఒంటె పాదమువలె వెడల్పై, బరువు ఎక్కువ చోట పరచుకొనును. బాటకు చేరినంతనే మరల గాలిని నింపవలయును. లేనిచో టైర్లు వేడెక్కి ప్రమాదము కలుగును. రాతినేలపై ఊపు పనికిరాదు. తక్కువ గేరులో, మనిషి నడకకంటెను నెమ్మదిగా, ఒక్కొక్క రాతిని ఎక్కి దిగవలయును. ఇసుకలో బండిని కాపాడిన ఉరుకే ఇచట టైరును చీల్చును, ఇరుసును విరుచును. ఒకచోట గుణమైనది వేఱొకచోట దోషమగుట ఇందు స్పష్టము.

అయినను ఏ మీటయు తీర్చలేని ఆపద ఒకటి కలదు. తెలుగునాట వానకాలమున వాగులు పొంగి చప్టాలమీదుగా పారును. నాలుగు చక్రములకును బలమున్నదను ధీమాతో అట్టి నీటిలో దిగుట ప్రాణాంతకము. నీరు బండిని పైకెత్తును; చక్రములపై బరువు తగ్గును; బరువు తగ్గిన పట్టు పోవును. అంతట వరద ప్రక్కనుండి త్రోసిన దిక్కునకే బండి కొట్టుకొనిపోవును. అచట తగిన నిర్ణయము ఒక్కటియే: ఆగుట.

2012లో వచ్చిన రేంజ్ రోవర్ మొదలుకొని కొన్ని బండ్లు నేల తీరును తామే గుర్తించి తగిన అమరికను ఎన్నుకొనుచున్నవి. కాని యంత్రము చక్రము తాకిన నేలనే గుర్తించును. ముందున్న మడుగులోతును చెప్పజాలదు. అందుచే అనుభవముగల చోదకుడు అనుమానము కలిగినచోట బండిని ఆపి దిగును. నాలుగడుగులు నడచి చూచును. కఱ్ఱతో పొడిచి నేల మెత్తదనమును తెలిసికొనును. ఆ పిమ్మటనే మీటను త్రిప్పును. దిగబడిన తరువాత చేసిన ఎన్నిక చాలమాఱు ఆలస్యమైన ఎన్నికయే. బలము యంత్రము ఇచ్చును. దానిని ఎచట, ఎంత, ఎట్లు వాడవలయునో నిర్ణయించు వివేకము మాత్రము మానవునిదే.