తీఁగలేని యింటర్నెట్టు: దండోరా పద్ధతి, తపాలా పద్ధతి



పోయిన వేసవిలో నొకనాఁటి సాయంకాలము మా ప్రాంతమునఁ గరెంటు పోయి, పావుగంటకు మరల వచ్చినది. దీపములు వెలిఁగినవి గాని, తొమ్మిది గ్రామములలోఁ బెక్కిండ్లకు ఇంటర్నెట్టు రాలేదు. ఒక బాలిక కళాశాల ప్రవేశమునకుఁ దన యైచ్ఛికములను నమోదు చేయుటకు ఆ రాత్రియే తుది గడువు. తండ్రి యామెను మోటారుసైకిలుపైఁ గూర్చుండఁబెట్టుకొని 22 కిలోమీటర్ల దూరమునఁ గల పట్టణమునకుఁ గొనిపోయి, గడువు ముగియుటకుఁ బది నిమిషములకు ముందు పని నెఱవేర్చెను. మఱునాఁడు కారణము తెలిసినది. ఒక గృహస్థు తన యింటి రౌటరు పెట్టెను మార్చుకొని, పైకప్పునుండి దిగిన తీఁగను ఒక రంధ్రమున దూర్చుటకు బదులు ప్రక్క రంధ్రమున దూర్చెను. అంతియే. ఊరంతయు నాయనను నిందించినది.

ఒక యింటి పొరపాటు తొమ్మిది గ్రామముల నేల బాధింపవలెను? తప్పు ఆ గృహస్థునిది కాదు, ఏర్పాటుది. దానిని నడుపు యువకుఁడు నాకడ ఆఱవ తరగతి చదివినవాఁడు. ఇప్పు డాతఁడు ఏర్పాటును మార్చఁదలఁచి, గ్రామమున కొక రాత్రి సేవ నాపుటకుఁ బెద్దల సమ్మతి కోరుచున్నాఁడు. నడచుచున్న దానిఁ గెలఁకనేల యని కొందఱి శంక. ఆ శంకకు సమాధానము చెప్పుటయే నేఁటి నా ప్రసంగము.

ముందుగా ఏర్పాటు స్వరూపము. పట్టణమునకు గాజుతీఁగపై వచ్చు ఇంటర్నెట్టును ఒక టవరు గ్రహించి, రేడియో తరంగములచే రెండవ టవరునకు, అది మూఁడవ దానికి అందించును. ప్రతి టవరును తన చుట్టునున్న యిండ్ల పైకప్పులమీఁది చిన్న పరికరములకుఁ బంచును. ఇందులకుఁ దగిన 5 గిగాహెర్ట్జు తరంగముల పట్టీని మన దేశమున 2018 నుండి, నిబంధనలకు లోఁబడి, లైసెన్సు లేకయే ఆరుబయట వాడుకొనవచ్చును. ఒకే తరంగముపై ఒకరు పలుకునపుడు తక్కినవా రూరకుండవలెను. కావున గాలిలోఁ బోవు ప్రతి వృథామాటయుఁ బనికివచ్చు మాటకుఁ గాలము తగ్గించును.

ఇఁక మొదటి పద్ధతికి బ్రిడ్జి యని పేరు, అనఁగా వంతెన. టవర్లన్నిటిని వంతెనలతోఁ గలిపి తొమ్మిది గ్రామములను ఒకే వీథిగాఁ జేయుటయే యిది. ప్రతి యంత్రమునకును దానిని దయారుచేసినవా రిచ్చిన 48 బిట్ల సంఖ్య యొకటి యుండును. అది పుట్టుమచ్చ వంటిది. మనిషి యెవ్వఁడో గుర్తించుటకుఁ బనికివచ్చును గాని, యే యూర నున్నాఁడో చెప్పదు. కావున ఒకనిని వెదకవలెనన్న, ఈ చిరునామా గలవాఁ డెవఁడని దండోరా వేయవలసినదే. ఇట్లు ప్రశ్నించు విధానము 1982 లో గ్రంథస్థమైనది. వంతెనలు బొత్తిగాఁ దెలివిలేనివి కావు. ఎవని పలుకు ఏ దిక్కునుండి వినవచ్చెనో గుర్తుంచుకొని, తరువాత నా దిక్కునకే పంపును. గుర్తు లేనిచో అన్ని దిక్కులకుఁ బంపును. ఇరువది యిండ్లున్నపుడు ఈ పద్ధతి సులభము, చౌక. అందుచేతనే ఆ యువకుఁడు దానితో నారంభించెను. ఇండ్లు 600 దాఁటిన పిమ్మట దండోరాలే గాలిలోఁ జాలభాగము నాక్రమించును.

కరెంటు వచ్చిన నాఁటి కథ యిదియే. ప్రతి యింటి పెట్టెయు మేల్కొని, నాకొక చిరునామా యిప్పింపుఁడని దండోరా వేయును. దానికిఁ బ్రధానయంత్రము బదులు చెప్పవలెను. కాని యింటి రౌటరునకును లోపలివైపునఁ జిరునామాలు పంచు గుణము కలదు. అది ఆ యింటి ఫోనుల కొఱకు. తీఁగ తప్పు రంధ్రమున నుండుటచే ఆ పెట్టె వీథికి మొగము ద్రిప్పి, పొరుగువారికిఁ గూడఁ జిరునామాలు పంచి, బయటికి దారి నేనే యనెను. సాధారణముగా నెవరి బదులు ముందు చేరిన వారి మాటయే చెల్లును. దానిని నమ్మిన యిండ్లకు దారి మూసికొనిపోయినది. కొన్ని యిండ్ల నడచి, కొన్నింట నడవకుండుటచేఁ గారణము వెదకుటకు రాత్రియెల్లఁ బట్టినది.

మఱియొక యపాయము కలదు. ఈ వీథిలోఁ దిరుగు సమాచారపు పొట్లమునకు ఆయుఃపరిమితి లేదు. భద్రతకై రెండవ దారి వేసి వలయము కట్టితిమా, దండోరా యందు అంతులేక తిరుగును. దీనికి విఱుగుడుగా రేడియా పెర్ల్‌మన్ అను అమెరికా విదుషి 1985 లో నొక యుపాయము కనిపెట్టెను: వలయమున నొక దారిని మూసివేసి, చెట్టు కొమ్మలవలె దారులను మిగుల్చుట. మంచి యుపాయమే, కాని డబ్బు పోసి వేసిన రెండవ దారి, మొదటిది తెగువఱకుఁ బనిలేక కూర్చుండును.

రెండవది రౌటరు పద్ధతి. ఇది తపాలా వంటిది. జాబుపై జిల్లా, ఊరు, వీథి యుండును గదా! విజయవాడలో జాబులు వేఱుచేయు గుమాస్తా గ్రహీత మొగ మెఱుఁగ నక్కఱలేదు. ఊరిపేరు చూచి తగిన సంచిలో వేయును. నేఁటికిని బహుళవ్యాప్తిలో నున్న నాలుగవ విధానమున ఇంటర్నెట్టు చిరునామా 32 బిట్ల సంఖ్య. ముందుభాగము ఊరి వంటిది, వెనుకభాగము ఇంటి వంటిది. ముందుభాగమునకు 24 బిట్లు కేటాయించినచో, గ్రామమున 254 చిరునామాలు లభించును. టవరునకొక రౌటరు నిలిపినచో, ఊరి దండోరా ఊరి పొలిమేర దాఁటదు. ఇచటి పొట్లమునకు ఆయువును గలదు: గరిష్ఠము 255. దాఁటిన ప్రతి రౌటరునొద్దను ఒకటి తగ్గి, సున్న కాఁగానే నశించును. రౌటర్లు దారుల స్థితిని తమలోఁ దాము చెప్పుకొని, డైక్‌స్ట్రా అను డచ్చి పండితుఁడు 1959 లోఁ బ్రకటించిన గణితముచే నల్పవ్యయమైన దారి నెంచుకొనును. గాలివానకు ఒక దారి తెగినను, రెండవ దారి యున్నచో సాధారణముగా నిమిషములోపల దానిఁ బట్టును.

అట్లని యిది సర్వరోగనివారిణి కాదు. తప్పు రంధ్రపు కథ ఆ యొక్క టవరు క్రింది యిండ్లలో మరల జరుగవచ్చును. దానిని గూడ మాన్పవలెనన్న, పైకప్పు పరికరమునే రౌటరుగా నమర్చి, యింటి దండోరా గడప దాఁటకుండఁ జేయవలెను. స్థిరమైన చిరునామా గలవాఁడు వేఱొక గ్రామమునకు మాఱినచో నది మాఱిపోవును. జాబు సంగతియు నంతియే గదా. ఖర్చును, అమర్చు నేర్పును ఎక్కువగాఁ గావలెను.

మార్చుటకు నొక క్రమము కలదు. మొదట ఏ యూరికి ఏ చిరునామాలో కాగితముపై వ్రాసికొనవలెను. చిరునామాలు అద్దె యిండ్లవలె గడువునకు ఇయ్యఁబడును. ఆ గడువును ముందునాఁడే కొద్ది నిమిషములకుఁ దగ్గింపవలెను. లేకున్న ఇండ్లు పాత చిరునామానే గంటలకొలఁదిఁ బట్టుకొని యుండును. తరువాత నడిమి టవరును గాక, కట్టకడపటి టవరును మార్చవలెను. అచటఁ దప్పు జరిగినను ఒక్క యూరే బాధపడును. పాత యమరికను భద్రపఱచుకొని, తెల్లవాఱులోపల సరికాకున్న వెనుకకు మరలవలెను. సరియైనచో వారము దినములు చూచి, దాని పై టవరునకు రావలెను. స్థాలీపులాకన్యాయమున నొక మెదుకు పట్టి చూచి కుండెఁడన్నము నుడికిన దందుము. ఇచటఁ గుండలే వేఱు వేఱు. ఒక దాని మెదుకు మఱియొక దానికి సాక్ష్యము చెప్పదు.

కావున పెద్దలారా, ఆ యొక్క రాత్రికి సమ్మతింపుఁడు. కాని ముందుగా మూఁడు ప్రశ్న లడుగుఁడు. మొదట మార్చునది కడపటి టవరేనా? వెనుకకు మరలు నుపాయము కలదా? ఆ రాత్రి పరీక్షలకుఁ గాని ప్రవేశములకుఁ గాని గడువు లేదు గదా? మూఁడింటికిని ఔనని బదులు వచ్చినచో వెనుదీయ నక్కఱలేదు.

కడపటి మాట యొకటి. తప్పు రంధ్రమునఁ దీఁగ దూర్చిన యా గృహస్థు నాఁటినుండి రచ్చబండకు వచ్చుట మానెను. నేనాయన యింటికిఁ బోయి, పై సంగతియే చెప్పితిని. మీ యూరను ఇట్టివారుండినచో మీరును జెప్పుఁడు.

సెలవు.